ఆ వీధిని వాళ్లు వదల్లేదు

*తూర్పు లండన్‌లో బట్టలు కుట్టుకుని బతికిన వలస కార్మికులు జాత్యహంకారానికి ఎదురు నిలిచిన కథ ఇది. ఇవాళ అవే వీధుల్లో గది అద్దెకు తీసుకుంటున్న మన పిల్లల కథ కూడా.*

1978 మే 14, ఆదివారం. లండన్ తూర్పు వైపున్న బ్రిక్ లేన్ అనే ఇరుకు వీధిలో వాన పడుతోంది. వానలోనే జనం కదులుతున్నారు. ముందు శవపేటిక, దాని వెనక దాదాపు ఏడు వేల మంది. ఎక్కువమంది బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్లు. వారమంతా చీకటి గదుల్లో కుట్టు మిషన్ల ముందు వంగి కూర్చుని జాకెట్లు, కోట్లు కుట్టేవాళ్లు. పొద్దుగూకితే ఒంటరిగా బయట అడుగు పెట్టడానికి జంకేవాళ్లు. ఆ రోజు వాళ్లు నగరాన్ని తూర్పు నుంచి పడమరకు దాటి హైడ్ పార్క్ దాకా, అక్కడి నుంచి ప్రధానమంత్రి ఇంటి గుమ్మం దాకా నడిచారు. పక్కన తెల్లవాళ్లూ నడిచారు, నల్లవాళ్లూ నడిచారు. ‘ఆల్తాబ్ అలీని చంపింది ఎవరు?’ అని ఒక గొంతు అడిగితే, ‘జాత్యహంకారం!’ అని వేల గొంతులు జవాబిచ్చాయి.

ఆల్తాబ్ అలీ నాయకుడేమీ కాదు. పాతికేళ్ల కుర్రాడు, బట్టల కార్ఖానాలో కార్మికుడు. పది రోజుల ముందు, మే 4 సాయంత్రం పని ముగించుకుని ఇంటికి నడిచి వెళ్తున్నాడు. ఆ రోజు అక్కడ స్థానిక ఎన్నికలు. వైట్‌చాపెల్‌లోని ఆడ్లర్ స్ట్రీట్‌లో, సెయింట్ మేరీస్ పార్కు పక్కన ముగ్గురు టీనేజీ కుర్రాళ్లు అతన్ని అడ్డగించి కత్తితో పొడిచారు. వాళ్లకీ అతనికీ పాత పగలేమీ లేవు. అతని ఒంటి రంగే వాళ్లకు కారణం.

అలాంటి చావులు అంతకుముందూ జరిగాయి. రెండేళ్ల కిందట, 1976 జూన్‌లో, పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే విద్యార్థిని ఇలాగే పొడిచి చంపారు. అక్కడి పంజాబీ యువకులు ఆ కోపంతోనే సౌతాల్ యూత్ మూవ్‌మెంట్ పెట్టుకున్నారు. తూర్పు లండన్‌లో మాత్రం చాలామంది పెద్దలు ‘తలవంచుకుని పని చేసుకుందాం, నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి పోదాం’ అన్న ఆలోచనతోనే రోజులు నెట్టుకొస్తున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. మన ఇళ్లలోనూ విదేశాలకు వెళ్లే పిల్లలకు మనం చెప్పి పంపేది అదే కదా! ఆల్తాబ్ చావుతో వాళ్ల కొడుకులు ఆ మాట వినడం మానేశారు.

ఆదివారం తెల్లవారుజామున, వీధి మూల మీద

బ్రిక్ లేన్ వెళ్లి బెత్నల్ గ్రీన్ రోడ్డులో కలిసే చోట ఒక మూల ఉంది. డెబ్బైల్లో ప్రతి ఆదివారం నేషనల్ ఫ్రంట్ అనే తీవ్ర మితవాద పార్టీ కార్యకర్తలు అక్కడ నిలబడి తమ పత్రికలు అమ్మేవారు. పత్రికల అమ్మకం వంక మాత్రమే. సంతకు వచ్చే బెంగాలీలను తిట్టడం, ఉమ్మడం, ఒంటరిగా దొరికితే కొట్టడం అసలు పని. 1978 జూన్‌లోనే నూటయాభై మంది దాకా కుర్రాళ్లు గుంపుగా వీధిలోకి చొరబడి దుకాణాల అద్దాలు పగలగొట్టారు.

యువకులు ఒక పని మొదలుపెట్టారు. అవతలివాళ్లకంటే ముందే వెళ్లి ఆ మూల మీద కూర్చోవడం. అంతే. శనివారం రాత్రి నుంచే కొందరు అక్కడికి చేరేవారు. ఇంగ్లిష్ ట్రేడ్ యూనియన్ల వాళ్లు, కళాశాల విద్యార్థులు, చర్చి మనుషులు తోడయ్యేవారు. ఇలా వారం తర్వాత వారం. వినడానికి ఇది చిన్న విషయంలాగే ఉంటుంది. కానీ ఆదివారం కూడా నిద్ర మానుకుని చలిలో ఫుట్‌పాత్ మీద కూర్చోవడమంటే, వారానికి ఆరు రోజులు మిషన్ తొక్కేవాడికి ఎంత కష్టమో ఆలోచించండి. ఊరేగింపు ఒక్క రోజులో అయిపోతుంది. ఈ కాపలా అలా కాదు. ఉద్యమాల చరిత్ర రాసేవాళ్లు ఊరేగింపులకు ఇచ్చినంత చోటు ఇలాంటి కాపలాలకు ఇవ్వరు. నాకు మాత్రం ఆ వీధిని నిలబెట్టింది ఈ కాపలాయే అనిపిస్తుంది.

ఇంటి కోసం జరిగిన పోరాటమూ ఇందులో భాగమే. మునిసిపల్ ఇళ్లు ఇచ్చినా, దాడులు జరిగే కాలనీల్లోకి బెంగాలీ కుటుంబాలను విడివిడిగా తోసేవారు. అక్కడ తలుపు కింద నుంచి చెత్త తోసేవాళ్లు, కిటికీల మీద రాళ్లు వేసేవాళ్లు. ఆ కుటుంబాలు తిరిగి వచ్చి, ఖాళీగా పడి ఉన్న పాత భవనాల్లో పక్కపక్కనే కాపురం పెట్టాయి. 1976లో వీళ్లంతా కలిసి బెంగాలీ హౌసింగ్ యాక్షన్ గ్రూప్ పెట్టుకున్నారు. దాని ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిపితే ‘బాఘ్’, బెంగాలీలో పులి. ఆ పనిలో వాళ్లకు అండగా నిలిచిన ఇద్దరు మన దేశం వాళ్లే: పుణె నుంచి వెళ్లిన రచయిత ఫరూఖ్ ధోండీ, తర్వాతి రోజుల్లో ఫూలన్ దేవి జీవితకథ రాసిన మాలా సేన్.

> ఒకే గోడలు, నాలుగు ప్రార్థనలు
>
> బ్రిక్ లేన్‌లో ఫోర్నియర్ స్ట్రీట్ మలుపులో ఒక పాత ఇటుక భవనం ఉంది. గోడ మీద నీడ గడియారం, దాని మీద 1743 అన్న అంకెలు. ఫ్రాన్స్‌లో మత హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన హ్యూగనాట్ ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చి అది. వాళ్ల వృత్తి పట్టు నేత. తర్వాత మెథడిస్టుల చేతికి వచ్చింది. 1898లో తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు దాన్ని సినగాగ్ చేసుకున్నారు. వాళ్లు దర్జీ పనివాళ్లు. 1976లో బెంగాలీలు మసీదు చేసుకున్నారు. వాళ్లదీ బట్టల పనే. ఒక్కో గుంపు వచ్చినప్పుడల్లా ‘వీళ్లు మన పొట్ట కొడుతున్నారు’ అన్న మాట ఆ వీధి విన్నది.

పెట్టిన అన్నం గుర్తుంది

బెంగాలీ కుర్రాళ్లు వీధి మూలను పట్టుకున్నప్పుడు, ఆ చుట్టుపక్కల ముసలివాళ్లకు ఇంకో రోజు గుర్తుకొచ్చి ఉంటుంది. 1936 అక్టోబరు 4. నల్ల చొక్కాల దళంతో ఆస్వాల్డ్ మోస్లీ అనే ఫాసిస్టు నాయకుడు యూదుల పేటల మీదుగా కవాతు చేస్తానన్నాడు. ఆపమని వేలాది సంతకాలతో అర్జీ ఇస్తే ప్రభుత్వం ఒప్పుకోలేదు. పైగా కవాతుకు దారి చేయడానికి వేలమంది పోలీసులను దింపింది. జనం ఆల్డ్‌గేట్ కూడలిని, కేబుల్ స్ట్రీట్‌ను కమ్మేశారు. లారీని తిరగేసి అడ్డం పెట్టారు. పోలీసు గుర్రాల కాళ్ల కింద గోళీలు దొర్లించారు. మేడల మీది నుంచి ఆడవాళ్లు చేతికి అందినవన్నీ విసిరారు. చివరికి పోలీసు కమిషనరే మోస్లీని వెనక్కి తిప్పి పంపాడు.

ఆ రోజు యూదుల పక్కన నిలబడ్డవాళ్లలో ఐరిష్ కేథలిక్ రేవు కూలీలు ఎందరో ఉన్నారు. రెండు మతాల మధ్య అంతకుముందు పెద్ద స్నేహమేమీ లేదు. మరి ఎందుకొచ్చారు? 1912లో రేవు కూలీలు సమ్మె చేసినప్పుడు వాళ్ల పిల్లలు ఆకలితో మాడిపోతుంటే, వైట్‌చాపెల్ యూదు దర్జీ కుటుంబాలు ఆ పిల్లలను వందల సంఖ్యలో తమ ఇళ్లకు తీసుకెళ్లి తిండి పెట్టాయి. ఇరవై నాలుగేళ్ల తర్వాత, అప్పుడు అన్నం తిన్న పిల్లలు పెద్దవాళ్లై వీధిలో నిలబడ్డారు. కేబుల్ స్ట్రీట్‌లో టౌన్ హాల్ గోడ మీద ఈ పోరాటాన్ని పెద్ద కుడ్యచిత్రంగా వేశారు. వేస్తున్నప్పుడే దుండగులు దాన్ని పాడుచేస్తే మళ్లీ మొదలుపెట్టి 1983లో పూర్తి చేశారు.

రాసుకున్నవాళ్లు

1978లో ఇంకో పని కూడా జరిగింది. దాని గురించి ఎక్కువమంది చెప్పుకోరు. దాడి జరిగిందని పోలీసు స్టేషన్‌కు వెళ్తే ‘కుర్రాళ్ల గొడవ’ అని పంపేసేవారు. కొన్నిసార్లు దెబ్బలు తిన్నవాడినే ప్రశ్నలతో వేధించేవారు. దాంతో బెత్నల్ గ్రీన్, స్టెప్నీ ట్రేడ్స్ కౌన్సిల్ ఒక్కొక్క దాడినీ తేదీతో, చోటుతో, గాయంతో సహా సేకరించి, ఆ సెప్టెంబరులో నివేదికగా అచ్చు వేసింది. పేరు ‘వీధుల మీద నెత్తురు’. అప్పటిదాకా గాలిమాటగా కొట్టిపారేసిన విషయం కాగితం మీదికి వచ్చింది. ఇక ‘అలాంటిదేమీ లేదు’ అనడం అధికారులకు కష్టమైంది.

ఇక్కడి నుంచి కథ మనవాళ్లకు బాగా తెలిసిన చోటికి వస్తుంది. ఈస్ట్‌హామ్. లండన్‌లో దిగిన తెలుగు విద్యార్థి మొదట గది వెతుక్కునే పేటల్లో ఇదొకటి. ఇడ్లీ దొరుకుతుంది, గోంగూర పచ్చడి దొరుకుతుంది, మహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. హై స్ట్రీట్‌లో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. అదే హై స్ట్రీట్‌లో 1980 జులై 17న అఖ్తర్ అలీ బేగ్ అనే పాకిస్తానీ యువకుడిని పట్టపగలు పొడిచి చంపారు. ఆ చావు తర్వాత స్థానికులు న్యూహామ్ మానిటరింగ్ ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టుకున్నారు. రాత్రీపగలూ పనిచేసే ఒక ఫోను పెట్టారు. దాడి జరిగిందని కబురు వస్తే ఇంటికి వెళ్లడం, రాసుకోవడం, పోలీసు స్టేషన్‌కు తోడు వెళ్లడం, లాయరును కుదర్చడం, కోర్టు వాయిదాకు కూడా వెళ్లి కూర్చోవడం వాళ్ల పని. దాదాపు మూడున్నర దశాబ్దాలు అలా నడిపారు. చివరికి నిధులు లేక మూతపడింది.

1982లో, ఈస్ట్‌హామ్ ఉన్న ఆ న్యూహామ్‌లోనే బడి పిల్లల మీద దాడులు జరుగుతుంటే, ఆసియా కుర్రాళ్లు చిన్నపిల్లలను తోడు తీసుకెళ్లి ఇంటి దగ్గర దింపడం మొదలుపెట్టారు. అలా వెళ్లిన ఎనిమిది మందినే పోలీసులు అరెస్టు చేశారు. ‘న్యూహామ్ ఎనిమిది’ పేరుతో వాళ్ల కోసం పెద్ద ఉద్యమం నడిచింది. ఇవాళ ఈస్ట్‌హామ్‌లో రాత్రి పదకొండుకు పార్ట్‌టైమ్ డ్యూటీ దిగి మన పిల్లలు ధైర్యంగా గదికి నడుస్తున్నారంటే, ఆ దారి ఊరికే సాఫు కాలేదు.

ఏడు ఓట్లు

ఒక చిన్న సంగతి చెప్పుకుని ముందుకెళ్దాం. 1993 సెప్టెంబరులో, బ్రిక్ లేన్ ఉన్న టవర్ హామ్లెట్స్‌లోనే, మిల్‌వాల్ వార్డులో ఉప ఎన్నిక జరిగితే తీవ్ర మితవాద బ్రిటిష్ నేషనల్ పార్టీ గెలిచింది, కేవలం ఏడు ఓట్ల తేడాతో. ఆ పార్టీకి దేశంలో అదే తొలి కౌన్సిలర్ పదవి. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఎన్నికలు. ఆ మధ్య కాలంలో స్థానికులు ఇల్లిల్లూ తిరిగారు. ఓటు నమోదు చేయించారు, భయపడి ఇల్లు కదలనివాళ్లను కూడగట్టారు. 1994 మేలో ఆ పార్టీకి అంతకుముందుకంటే ఎక్కువ ఓట్లే వచ్చాయి. అయినా ఓడిపోయింది. ఎందుకంటే మిగతావాళ్లు అంతకంటే ఎక్కువమంది వచ్చి ఓటేశారు.

కొడుకు బతికినన్ని ఏళ్లు

1993 ఏప్రిల్ 22 రాత్రి ఆగ్నేయ లండన్‌లోని ఎల్తామ్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి కుర్రాడు స్నేహితుడితో కలిసి బస్సు కోసం ఎదురు చూస్తున్నాడు. తెల్ల కుర్రాళ్ల గుంపు ఒకటి వచ్చి పొడిచి చంపింది. అనుమానితుల పేర్లు రోజుల్లోనే పోలీసుల చెవిన పడ్డాయి. అరెస్టులకు మాత్రం రెండు వారాలు పట్టింది. తల్లి డోరీన్, తండ్రి నెవిల్ జమైకా నుంచి వచ్చినవాళ్లు. రాజకీయాల జోలికి వెళ్లని మామూలు సంసారులు. అప్పుడు లండన్ వచ్చిన నెల్సన్ మండేలా వాళ్లను కలిసి ఓదార్చాక గానీ పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తల్లిదండ్రులు సొంతంగా కేసు వేశారు, ఓడిపోయారు. ప్రభుత్వం మారాక విచారణ సంఘం వేయించారు. 1999 ఫిబ్రవరిలో వచ్చిన మాక్‌ఫర్సన్ నివేదిక లండన్ పోలీసు శాఖలో జాత్యహంకారం వ్యవస్థలోనే ఇంకిపోయి ఉందని తేల్చింది. డెబ్బై సిఫార్సులు చేసింది. ఒకసారి నిర్దోషిగా బయటపడ్డవాడిని కొత్త సాక్ష్యం దొరికితే మళ్లీ విచారించేలా చట్టం మారింది. ఇద్దరు హంతకులకు 2012 జనవరిలో శిక్ష పడింది. లెక్క చూడండి: కొడుకు బతికింది పద్దెనిమిదేళ్లు, న్యాయం కోసం అమ్మానాన్నలు తిరిగింది కూడా పద్దెనిమిదేళ్ల పైచిలుకే.

ఆ నివేదికలోని ఒక మాట వలస వచ్చిన ప్రతి మనిషికీ కావలసింది. జాతి విద్వేషంతో జరిగిందని బాధితుడు గానీ, చూసిన ఇంకెవరైనా గానీ అనుకుంటే చాలు, పోలీసులు దాన్ని అలాగే నమోదు చేయాలి. అంతకుముందు ‘అది జాత్యహంకారం కాదులే’ అని నిర్ణయించేది స్టేషన్‌లో కూర్చున్న అధికారి. ఇప్పుడు మొదటి మాట దెబ్బ తిన్నవాడిది.

> చట్టం నడిచిన దారి
>
> కేబుల్ స్ట్రీట్ తర్వాత 1936లోనే పబ్లిక్ ఆర్డర్ చట్టం వచ్చి రాజకీయ యూనిఫాంలను నిషేధించింది. 1965లో తొలి జాతి సంబంధాల చట్టం బహిరంగ ప్రదేశాల్లో వివక్షను తప్పుపట్టింది. 1968 నాటి చట్టం ఉద్యోగాలకూ ఇళ్లకూ దాన్ని విస్తరించింది. 1976లో మరింత బలమైన చట్టం వచ్చింది. 1998 నుంచి జాతి విద్వేషంతో చేసిన దాడికి మామూలు దాడికంటే ఎక్కువ శిక్ష. మాక్‌ఫర్సన్ నివేదిక పుణ్యమా అని 2000లో పోలీసులు కూడా జాతి సంబంధాల చట్టం కిందికి వచ్చారు.

మళ్లీ అదే మాట

ఇదంతా ముగిసిన కథ అయితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. 2024 జులై ఆఖరులో సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల హత్యలు జరిగాయి. హంతకుడి గురించి పుట్టించిన అబద్ధాలతో బ్రిటన్‌లో అనేక ఊళ్లు రగిలాయి. మసీదుల మీద, శరణార్థులున్న హోటళ్ల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 7న మరిన్ని చోట్ల దాడులు జరుగుతాయని పుకారు పుట్టింది. ఆ సాయంత్రం లండన్‌లోని వాల్తామ్‌స్టోలో వేలమంది వీధిలోకి వచ్చారు. దాడికి రావలసినవాళ్లు కనబడనే లేదు. 2025 సెప్టెంబరు 13న వలసలకు వ్యతిరేకంగా నడి లండన్‌లో జరిగిన ర్యాలీకి లక్ష మందికి పైగా వచ్చారని పోలీసులే లెక్క చెప్పారు. తర్వాతి నెలలో వైట్‌చాపెల్‌లో వలసలను వ్యతిరేకించే యూకిప్ పార్టీ ప్రదర్శన పెట్టాలనుకుంటే, టవర్ హామ్లెట్స్ హద్దులోకి రాకుండా పోలీసులు ఆంక్షలు పెట్టారు. స్థానికులు మాత్రం వీధిలోకి వచ్చి నడిచారు.

లండన్ జనాభాలో పదిమందికి నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్లే. ఇంగ్లండ్, వేల్స్‌లో 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో పోలీసులు నమోదు చేసిన విద్వేష నేరాలు 1,40,561. అందులో జాతికి సంబంధించినవి 98,799. ఇవి చెప్పుకున్నవాళ్ల లెక్క. చెప్పుకోనివాళ్లు ఎక్కడా కనబడరు. ఆ కనబడనివాళ్లలో మన పిల్లలు చాలామంది ఉన్నారని నా అనుమానం కాదు, నమ్మకం.

కరీంనగర్‌లోనో కాకినాడలోనో టీవీలో ఆ ర్యాలీల్లోని జెండాల గుంపులను చూసి తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు. ‘ఇవాళ బయటికి పోకు నాన్నా.’ ఆ భయం ఉత్తది కాదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలాతేలో మన హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ‘నా దేశం నుంచి పో’ అని అరుస్తూ కాల్చి చంపిన రోజు ఏ తెలుగు ఇల్లూ మర్చిపోలేదు. అతన్ని కాల్చినవాడు తెల్లవాడే. ఆపడానికి వెంటపడి గుండు దెబ్బ తిన్న ఇయాన్ గ్రిలట్ కూడా తెల్లవాడే. శ్రీనివాస్ భార్య సునయన వెనక్కి వచ్చేయలేదు. ‘మేము ఇక్కడివాళ్లమేనా?’ అన్న ప్రశ్నను అందరి ముందూ పెట్టి, ‘ఫరెవర్ వెల్‌కమ్’ పేరుతో వలస వచ్చినవాళ్ల కథలు చుట్టుపక్కలవాళ్లకు వినిపించే పని మొదలుపెట్టారు.

మన ఊళ్లలో ఈశాన్య రాష్ట్రాల పిల్లలను ‘చైనా’ అని పిలిచేవాళ్లకు కూడా ఈ కథ చెప్పాలి. ఆ పిలుపు విన్న పిల్లకు ఎలా ఉంటుందో, పరాయి దేశంలో మన పిల్లలకు అలాగే ఉంటుంది.

> ఏదైనా జరిగితే (బ్రిటన్‌లో)
>
> ప్రాణాపాయం ఉంటే 999. అత్యవసరం కాకపోతే 101. రైల్లోనో స్టేషన్‌లోనో జరిగితే రైల్వే పోలీసులకు 61016 నంబరుకు మెసేజ్ పంపవచ్చు. ‘ట్రూ విజన్’ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు రాయవచ్చు, పేరు చెప్పకుండా కూడా. జరిగిన వెంటనే తేదీ, టైము, చోటు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. దెబ్బలుంటే ఫొటో తీసుకోవాలి.

నా పేరు కూడా రాయి

ఆల్తాబ్ అలీ పడిపోయిన చోటి పక్కనున్న ఆ పార్కుకు 1998 నుంచి అతని పేరే. వైట్‌చాపెల్ అన్న పేరుకు కారణమైన తెల్ల చర్చి ఒకప్పుడు అక్కడే ఉండేది, రెండో ప్రపంచయుద్ధంలో బాంబులకు కూలింది. ప్రతి మే 4న జనం అక్కడ చేరి పూలు పెడతారు. నేను వెళ్లింది మామూలు రోజున. ఆఫీసు మనుషులు గడ్డిలో కూర్చుని మధ్యాహ్న భోజనం చేస్తున్నారు. నాతో పాటు నల్గొండ వైపు నుంచి వచ్చి ఈస్ట్‌హామ్‌లో ఉంటూ ఎంఎస్సీ చదువుతున్న ఒక కుర్రాడు ఉన్నాడు. గేటు మీద పేరు చదివి, ‘ఈయనెవరన్నా?’ అని అడిగాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా తన సంగతి చెప్పాడు.

మూడు వారాల కిందట, రాత్రి బస్సులో, పై అంతస్తులో కూర్చుంటే ముగ్గురు కుర్రాళ్లు అతని బ్యాగు లాగి మెట్ల కిందికి విసిరేశారు. ఏవో బూతులు తిట్టారు. చెంప మీద ఒకటి కొట్టారు. బస్సు నిండా జనం ఉన్నారు. దిగిపోయి రెండు స్టాపులు నడిచి గదికి చేరాడు. రూమ్మేట్లు విని, ‘వదిలేయ్ రా మామా, వీసా మీద ఉన్నం, మనకెందుకు లొల్లి’ అన్నారట. ఇంట్లో అమ్మకు చెప్పలేదు. ఆ రోజు నుంచి పై అంతస్తు ఎక్కడం మానేశాడు.

ఆ సాయంత్రం వాళ్ల గదిలో, రైస్ కుక్కర్ పక్కనే లాప్‌టాప్ పెట్టుకుని ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాడు. బస్సు నంబరు గుర్తుంది. టైము కోసం ఫోన్‌లో ఆ రోజు ప్రయాణానికి డబ్బులు కట్ అయిన మెసేజ్ వెతికాడు. ఆ బూతు మాటలు టైప్ చేసేటప్పుడు చేతులు ఆగాయి. ‘ఇవి కూడా రాయాలా అన్నా?’ రాయమన్నాను. ఇది దేన్ని బట్టి జరిగిందని మీరు అనుకుంటున్నారన్న ప్రశ్న దగ్గర చాలాసేపు కర్సర్ మెరుస్తూ ఉండిపోయింది. ‘జాతి’ అన్న గడిలో టిక్ పెట్టాడు.

వెనక మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న రూమ్మేట్ లేచి వచ్చి స్క్రీన్ మీదికి వంగాడు. ఆ రాత్రి తలుపు తీసింది అతనేనట.

‘నువ్వు వచ్చినప్పుడు చెంప వాచి ఉండె కద రా. నేను చూసిన. సాక్షి అని ఉంటే నా పేరు కూడా రాయి.’